పదో నంబర్ చొక్కా

వేదిక మీదున్న పెద్దలకు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులకు, అప్పుడే బూట్లు బిగించుకుని ముందు వరుసలో కూర్చున్న ఆటగాళ్లకు నమస్కారం.

బార్సిలోనా పేరు మన అనంతపురానికి కొత్త కాదు. మన పల్లెల కోసం ఆర్డీటీ సంస్థ పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారు పుట్టింది అక్కడే. 1969లో ఇక్కడికి వచ్చి మన మనిషైపోయారు. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆడిన ఒక పిల్లాడి గురించి చెప్పాలని వచ్చాను. పేరు అన్సు ఫాతి. ఫార్వర్డ్, అంటే ముందుండి గోల్స్ కొట్టేవాడు. గినియా-బిస్సావులో పుట్టి, చిన్నప్పుడే స్పెయిన్ చేరాడు. 2019 ఆగస్టులో, 16 ఏళ్లకే బార్సిలోనా పెద్ద జట్టులో దిగాడు. ఆ డిసెంబరులో మిలాన్‌లో ఆట చివర సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి ఇంటర్ జట్టు మీద గోల్ కొట్టాడు. అప్పుడతని వయసు 17 ఏళ్ల 40 రోజులు. యూరప్‌లోని పెద్ద క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్‌లో అంత చిన్న వయసులో అంతకుముందు ఎవరూ గోల్ చేయలేదు.

తర్వాత ఏడాదికి, 2020 నవంబరులో, బెటిస్‌తో మ్యాచ్‌లో ఎడమ మోకాలు దెబ్బతింది. లోపల ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగింది. ఫార్వర్డ్ పనే అంత: ఒక్కసారిగా ఉరకడం, టక్కున ఆగడం, ఒంటి బరువంతా ఒక్క కాలి మీద వేసి తిరగడం. ఒకటికి మించి ఆపరేషన్లు, పది నెలలకు పైగా గ్రౌండ్‌కు దూరం. ఈలోగా మెస్సీ వెళ్లిపోయాడు, ఆయన 10వ నంబర్ చొక్కా ఈ పిల్లాడికే ఇచ్చారు. 2021 సెప్టెంబరులో లెవాంటే మీద చివరి నిమిషాల్లో దిగి గోల్ కొట్టాడు. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు కళ్లు చెమ్మగిల్లుతాయి. కానీ మళ్లీ దెబ్బలు, మళ్లీ విరామాలు. 2023లో బ్రైటన్‌కు, 2025లో మొనాకోకు లోన్ మీద, అంటే కొంతకాలం ఆడేందుకు అరువుగా, వెళ్లాడు. ఆ చొక్కా ఇప్పుడు బార్సిలోనాలోనే ఇంకో కుర్రాడు లమీన్ యమాల్ ఒంటి మీద ఉంది.

ఫాతి పనైపోయిందనే మాట నేను ఒప్పుకోను. అతని వెనక డాక్టర్లున్నారు, క్లబ్బుంది. మన పిల్లల వెనక ఉన్నది మనమే.

కొన్నేళ్ల కిందట సెమీఫైనల్ రోజు పొద్దున మా స్కూల్ ఫార్వర్డ్ బస్సు దిగుతుంటే చూశాను. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగుతున్నాడు. సాక్స్ మోకాలి పైదాకా లాగి పెట్టుకున్నాడు. ‘‘ఏమప్పా?’’ అన్నాను. ‘‘ఏం కాలేదు సార్’’ అన్నాడు. సాక్స్ కిందికి లాగి చూడాల్సింది. చూడలేదు. నాకు గోల్ కావాలి. సెకండాఫ్‌లో బంతి తీసుకుని తిరగబోయి పడిపోయాడు. ఎవరూ తగల్లేదు. మన నేల గట్టిదనం మీకు తెలుసు. ఆ పిల్లాడు మళ్లీ బూట్లు కట్టలేదు. వాళ్ల నాన్న నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు.

అమ్మా, నాయనా, పిల్లలు ఇంటికి రాగానే ఎన్ని గోల్స్ కొట్టావని అడుగుతాం. ముందు మెట్లు ఎలా ఎక్కుతున్నారో చూడండి. కోచ్‌లు కూడా వినాలి: వాపున్న మోకాలికి నొప్పి తగ్గే స్ప్రే కొట్టి ఆడించకండి. ఆ మ్యాచ్ ఓడిపోదాం.

మొదటి మ్యాచ్ ఇంకో అరగంటలో. ఐస్ డబ్బా గోల్‌పోస్ట్ వెనక వేపచెట్టు కింద పెట్టించాను. ఆడేవాళ్లంతా అక్కడికి రండి, సాక్స్ కిందికి దించి.