శబ్దం రాని కంప్యూటరుకు ఫార్మాట్ దేనికి?

(కావలిలో గ్రంథాలయ పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయ బాధ్యులకు, ఈ ఎండలో తుమ్మలపెంట నుంచి, బిట్రగుంట నుంచి శ్రమపడి వచ్చిన పెద్దలకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. ఇంటి కంప్యూటరులో తరచుగా వచ్చే సమస్యల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. అన్నిటికన్నా ముందు ఒక విజ్ఞప్తి చేయవలసి ఉన్నది. శబ్దం రావడం లేదని దుకాణానికి తీసుకువెళ్లిన కంప్యూటరును, యజమానిని ఒక్క మాటైనా అడగకుండా ఫార్మాట్ చేసి, అంటే డిస్కులో దాచుకున్నవన్నీ తుడిచేసి, పంపే అలవాటు పోవాలి. అది పోవాలంటే, శబ్దం ఎందుకు ఆగిపోతుందో ఇంట్లోని వారికి కొంతైనా తెలియాలి.

మా మేనత్త కోవూరు ప్రాంతపు రైతు కుటుంబంలోని మనిషి. మొలగొలుకులనే వరి రకం పండించిన రోజుల నాటి నాట్ల పాటలు ఆమెకు కంఠస్థంగా ఉండేవి. చివరి రోజుల్లో ఆమె పాడగా మా తమ్ముడు సెల్‌ఫోనులో పట్టి, వాటిని ఇంటి కంప్యూటరులో దాచాడు. ఆమె పోయిన తరువాత పాత మానిటరు చెడిపోయి, దాని స్థానంలో హెచ్‌డీఎంఐ తీగతో పనిచేసే కొత్త మానిటరు తెచ్చారు. ఆ రోజు నుంచే శబ్దం ఆగిపోయింది. సీపీయూ డబ్బాను దుకాణానికి తీసుకువెళ్తే, డ్రైవరు, అంటే శబ్దం పరికరాన్ని నడిపించే ప్రోగ్రాము, పోయిందన్నారు, మరునాడు బాగుచేశామని ఇచ్చారు. దుకాణంలోని మానిటరు పాత రకం తీగతో నడిచేది కనుక అక్కడ శబ్దం బాగానే వినిపించింది. ఇంటికి తెచ్చి మన మానిటరు తగిలించగానే మళ్లీ నిశ్శబ్దం. పక్కింటి పదో తరగతి అమ్మాయి వచ్చి, తెర మూలనున్న స్పీకరు బొమ్మపై నొక్కి, మానిటరు పేరుకు బదులు స్పీకర్ల పేరును ఎంచుకున్నది. శబ్దం వచ్చింది. పాటల కోసం వెదికితే మాత్రం ఆ ఫోల్డరే లేదు. దుకాణంలో ఫార్మాట్ చేసినప్పుడు అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. సెల్‌ఫోను అంతకు ముందే మార్చారు. ఆ పాటలు మరొకరికెవరికీ రావు.

ఇందులో యంత్రం తప్పేమీ లేదు. హెచ్‌డీఎంఐ తీగ బొమ్మతో పాటు శబ్దాన్ని కూడా మోస్తుంది. అటువంటి తీగతో మానిటరు తగిలించినప్పుడు, కంప్యూటరును నడిపే విండోస్ చాలాసార్లు శబ్దాన్ని మానిటరువైపే పంపడం మొదలుపెడుతుంది. ఆ మానిటరులో స్పీకర్లు లేకపోతే మనకు ఏమీ వినిపించదు. తెర అడుగున ఉండే టాస్క్‌బారు అనే పట్టీపై కుడివైపున్న స్పీకరు బొమ్మను నొక్కి, శబ్దం ఏ పరికరానికి వెళ్తున్నదో చూసి, సరైనది ఎంచుకుంటే చాలు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు జతపడి ఉన్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఇయర్‌ఫోన్లు బీరువాలో ఉంటాయి, శబ్దం వాటికి పోతూ ఉంటుంది.

ఈ ఒక్క పని చేసి చూడకుండా ఎవరూ డబ్బాను ఆటో ఎక్కించవద్దని మిమ్మల్ని ప్రార్థిస్తున్నాను.

అప్పటికీ రాకపోతే, లోపం స్పీకరుదా కంప్యూటరుదా అన్నది తేల్చుకోవాలి. అదే స్పీకరును సెల్‌ఫోనుకు గాని, టీవీకి గాని తగిలించి చూడండి. అక్కడ మోగితే లోపం కంప్యూటరువైపు ఉన్నట్లే. డబ్బా వెనుక మూడు రంధ్రాలు ఉంటే, సాధారణంగా ఆకుపచ్చది స్పీకరుకు, గులాబీ రంగుది మైకుకు, నీలం రంగుది బయటి నుంచి శబ్దం లోపలికి తీసుకోవడానికి. డబ్బా ముందువైపు రంధ్రాలకు లోపలి తీగ తగిలించకుండా వదిలేసిన కంప్యూటర్లు కూడా ఉంటాయి కనుక, ముందువైపు రాకపోతే వెనుకవైపు చూడాలి. మనది సముద్రపు గాలి తగిలే ప్రాంతం. ఆ ఉప్పు తేమకు పిన్నులు చిలుము పట్టి శబ్దం తెగితెగి రావడం ఉంటుంది. పిన్నును పొడిగుడ్డతో తుడిచి, రెండు మూడు సార్లు పెట్టి తీస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఒక్క బ్రౌజరులోనే శబ్దం లేకపోతే, ఒక్కొక్క ప్రోగ్రాము శబ్దాన్ని విడివిడిగా చూపే వాల్యూమ్ మిక్సరులో దాని శబ్దం తగ్గించి ఉన్నదేమో చూడండి. అప్‌డేట్ తరువాత మొత్తం ఆగిపోతే విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజరు తెరిచి, శబ్దానికి సంబంధించిన పరికరాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటరును రీస్టార్ట్ చేస్తే, సాధారణంగా విండోస్ తానే డ్రైవరును మళ్లీ వేసుకుంటుంది. మీ ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. దుకాణంలో "డ్రైవరు పోయింది" అన్నప్పుడు మీరు అడగవలసిన పని ఇదే, ఫార్మాట్ కాదు.

తక్కిన సమస్యలను క్లుప్తంగా చెబుతాను. కంప్యూటరు ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోయి, బ్యాంకు వెబ్‌సైట్లు భద్రత లేదని తెరుచుకోకపోతే, డబ్బా లోపలి ప్రధాన పలక అయిన మదర్‌బోర్డు మీది 3 వోల్టుల నాణెం బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు. దానిపై సీఆర్ 2032 అని రాసి ఉంటుంది, ఖరీదు తక్కువ. తెర నల్లగా ఉండి బీప్ శబ్దాలు వస్తుంటే, ర్యామ్ అనే తాత్కాలిక జ్ఞాపకపు చిన్న పలక కదిలి ఉండవచ్చు. కరెంటు ప్లగ్ పూర్తిగా పీకి, దాన్ని తీసి సరిగా కూర్చోబెట్టడమే తొలి చికిత్స. స్పీకర్లలో ఎడతెగని గుయ్యిమనే మోత ఉంటే ఎలక్ట్రీషియనుతో ఇంటి ఎర్తింగ్ చూపించాలి. వీటిలో ఏ ఒక్కదానికీ ఫార్మాట్‌తో పని లేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగియడంతో చాలామంది 11కు మారుతున్నారు. అర్హత ఉన్న కంప్యూటరును ఫైళ్లు చెరపకుండానే మార్చవచ్చునన్న సంగతి వారికి కూడా చెప్పండి.

నిజంగా ఫార్మాట్ అవసరమయ్యే సందర్భాలు లేకపోలేదు. డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్లలో, పిక్చర్లలో మనం దాచుకునేవి మామూలుగా సీ డ్రైవులోనే ఉంటాయి, తుడిచేది కూడా ఆ డ్రైవునే. కనుక ముందుగా వాటిని బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కించండి. ఇచ్చే రశీదు మీద "అడగకుండా ఫార్మాట్ చేయరాదు" అని రాయించండి. ఇప్పటికే పొరపాటున ఫార్మాట్ అయి ఉంటే, ఆ డిస్కు మీద కొత్తగా ఏమీ ఎక్కించకుండా వెంటనే ఆపి, డేటా రికవరీ చేసేవారికి చూపించండి. పాత తరహా హార్డ్‌డిస్కయితే కొంత ఆశ ఉంటుంది, తిరిగే పళ్లెం లేని కొత్త రకం డిస్కు, ఎస్‌ఎస్‌డీ, అయితే ఆ ఆశ బాగా తక్కువ. మా ఇంట్లో ఈ సంగతి తెలిసే సరికి ఆ డిస్కు మీద సినిమాలు నింపేశారు.

మీలో ఎవరి కంప్యూటరైనా ఈ క్షణంలో దుకాణంలో ఉంటే, నా తరువాత వక్త మాట్లాడేదాకా ఆగకుండా, బయటికి వెళ్లి ఫోను చేసి, ఫార్మాట్ చేయవద్దని చెప్పి రండి. సభ ఏమీ అనుకోదు.