డాబా మీద సున్నం

హోస్ట్: నమస్కారమండీ. ఇవాళ విజయవాడ సత్యనారాయణపురంలో మా అతిథి వాళ్లింట్లోనే మైకు పెట్టాం. 1984లో విద్యుత్ బోర్డులో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి, భవనాల్లో కరెంటు పొదుపు చూసే బాధ్యతల్లో రిటైరయ్యారు. సార్, మొదటి పోస్టింగ్ ఎక్కడ?

అతిథి: ఇబ్రహీంపట్నం అమ్మా, థర్మల్ స్టేషన్. అప్పుడు బోర్డు ఛైర్మన్ నార్ల తాతారావు గారు. తర్వాత ఆ స్టేషన్‌కే ఆయన పేరు పెట్టారు. నేను బొగ్గు దిగే చోట డ్యూటీ చేశాను. ఇంటికొచ్చి ఎన్నిసార్లు కడుక్కున్నా గోళ్లలో నలుపు పోయేది కాదు. ఒక్క యూనిట్ కరెంటుకి సుమారు ముప్పావు కిలో బొగ్గు కాలుతుంది. ఆ లెక్క అక్కడే తలకెక్కింది.

హోస్ట్: మరి బాయిలర్ల దగ్గర్నుంచి గోడల దగ్గరికి ఎలా వచ్చారు?

అతిథి: 1999లో బోర్డు విడిపోయింది. కరెంటు తయారీకి జెన్‌కో, దాన్ని చేరవేయడానికి ట్రాన్స్‌కో వచ్చాయి. నన్ను పొదుపు విభాగానికి పంపితే, పక్కన పెట్టేశారని మా వాళ్లంతా జాలిపడ్డారు. 2001లో ఇంధన పొదుపు చట్టం, 2007లో భవనాల కోడ్, అంటే కరెంటు తక్కువ ఖర్చయ్యేలా భవనాలు కట్టే నియమాలు, వచ్చాయి. ఆ కోడ్‌ని మన వాతావరణానికి తగ్గట్టు మార్చి 2014లో రాష్ట్రం నోటిఫై చేసింది. నా ఉద్యోగంలో నాకు బాగా తృప్తినిచ్చిన పని అదే.

హోస్ట్: అందులో ఏముంటుంది సార్, మా లాంటి వాళ్లకి అర్థమయ్యేలా?

అతిథి: ఎండని లోపలికి రానివ్వకపోవడం. అంతే. ఒకసారి బందరు రోడ్డులో ఒక ఆఫీసుకి వెళ్లాను. మే నెల. పడమటి వైపు మొత్తం అద్దం. మధ్యాహ్నం నాలుగింటికి లోపలి నుంచి అద్దం మీద చెయ్యి పెడితే పెట్టనివ్వలేదు. పైన ఏసీలు ఆగకుండా తిరుగుతున్నాయి, కింద క్లర్కులు అద్దానికి పాత క్యాలెండర్లు అంటించుకున్నారు. ఆ అద్దానికి బయట రెండడుగుల సన్‌షేడ్, నిలువు రెక్కలు ఉంటే క్యాలెండర్లతో పనే లేదు కదమ్మా! కట్టేటప్పుడు ఎవరూ అడగలేదు. కట్టాక మార్చాలంటే ఎంత ఖర్చు!

హోస్ట్: మాది పై ఫ్లోరు సార్. రాత్రి పదింటికి కూడా ఫ్యాను వేడిగాలే కొడుతుంది.

అతిథి: పగలంతా స్లాబు తాగిన ఎండని రాత్రి మీ మీద వదులుతుంది. డాబా మీద ఎండని వెనక్కి కొట్టే తెల్లటి కూల్‌రూఫ్ పెయింటు వేయించండి, లేదా సున్నం కొట్టించండి. ఏసీ 24 దగ్గర పెట్టుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుంది.

హోస్ట్: కొత్తగా ఫ్లాట్ కొనేవాళ్లకి ఏం చెబుతారు?

అతిథి: బ్రోకరు పొద్దున్నే తీసుకెళ్తాడు, వెళ్లొద్దు. సాయంత్రం ఆరింటికి వెళ్లి పడమటి గోడకి అరచెయ్యి ఆనించి చూడండి.

హోస్ట్: ఆ మూల డ్రమ్ములో నానుతున్నదేంటి సార్?

అతిథి: సున్నమే. రేపు మా డాబాకి కొట్టాలి, ఎండలు ముదరకముందే.