చలికాలం దాచుకునే కాలం: చైనా వైద్యం చెప్పే రుతుచర్య

సభకు నమస్కారం.

చలికాలంలో చైనా వైద్యం అనగానే చాలామందికి గుర్తొచ్చేది జిన్‌సెంగ్ సీసాలు, అల్లం టీ పొట్లాలు. మందుల దగ్గరికి తర్వాత వస్తాను. ఆ వైద్యానికి మూలమైన హువాంగ్‌దీ నెయ్‌జింగ్‌లో రుతుచర్య అధ్యాయం తీసి చూస్తే, చలికాలం కోసం చెప్పినవాటిలో కొనుక్కోవలసిన వస్తువు ఒక్కటీ కనబడదు.

ఆ గ్రంథం సుమారు 2000 ఏళ్ల కిందటిది. చలికాలపు మూడు నెలలు మూసుకుని దాచుకునే కాలం అంటుంది. నీళ్లు గడ్డకడతాయి, నేల బీటలు వారుతుంది, కాబట్టి ఒంట్లోని యాంగ్‌ను, అంటే వేడి శక్తిని, కదపవద్దు. పెందలాడే పడుకోవాలి, ఆలస్యంగా లేవాలి, ఎండ పొడ కనబడేదాకా ఆగాలి. వెచ్చగా ఉండాలి, కానీ చెమటలు పట్టేంతగా కాదు. మనసుకు కూడా ఒక సూచన ఉంది. ఏదో రహస్యం దాచుకున్నట్టు, కావలసింది ఇప్పటికే చేతికందినట్టు నిమ్మళంగా ఉండమంటుంది. నాకు అన్నిటికంటే నచ్చిన మాట ఇదే.

ధనుర్మాసంలో తెల్లవారకముందే లేచి తలస్నానం చేసి గుడికి వెళ్లే మనకు, పొద్దెక్కాక లేవండి అని శాస్త్రమే చెప్పడం వింతగా ఉంటుంది. ఈ సలహా పుట్టింది ఉత్తర చైనాలో, పసుపు నది ప్రాంతంలో. అక్కడి చలి వేరు. తిరుపతిలోనో కరీంనగర్‌లోనో ఉండి దాన్ని అక్షరాలా పాటించనక్కర్లేదు.

దీని వెనకున్న లెక్క ఏమిటంటే, చలికాలంలో వేడి చర్మం నుంచి వెనక్కి తగ్గి లోపలికి చేరుతుంది. దాన్ని భద్రపరిచేది కిడ్నీ. అయితే స్కానింగులో కనబడే కిడ్నీని, వాళ్లు చెప్పే కిడ్నీని ఒకటిగా తీసుకోకూడదు. ఎదుగుదల, ఎముకలు, వార్ధక్యం, భయం, అన్నీ వాళ్ల లెక్కలో ఆ పేరు కిందికే వస్తాయి. చలికాలంలో దుబారా చేస్తే వసంతంలో కాళ్లూ చేతులూ నీరసిస్తాయంటుంది గ్రంథం. మన చరకుడు కూడా హేమంతంలో చలిగాలి వేడిని లోపల బంధిస్తుందనీ, అందుకే జఠరాగ్ని బలపడుతుందనీ అన్నాడు. ఆ అగ్నికి తగిన ఆహారం పడకపోతే అది ఒంటినే తింటుందని గట్టిగా, నూనెగా ఉన్నవి తినమన్నాడు. చైనాలోనూ చలికాలంలో మాంసం, బలమైన తిండి తింటారు. కానీ జనం నోట ఆడే సామెత మరోటి: చలికాలం ముల్లంగి, ఎండాకాలం అల్లం తింటే వైద్యుడి చీటీ అక్కర్లేదు. లోపల వేడి ఉంది, పైగా బరువైన తిండి తిన్నారు, దాన్ని దించడానికి ముల్లంగి. ఇద్దరూ ఒకే మాట దగ్గర బయలుదేరి వేర్వేరు కంచాల దగ్గర ఆగారు.

వాళ్ల ఏడాదికి 24 సౌర ఘట్టాలున్నాయి. 2016లో యునెస్కో వీటిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. నవంబరు 7 ప్రాంతంలో చలికాలం మొదలవుతుంది. డిసెంబరు 21, 22 ప్రాంతంలో వచ్చే దొంగ్‌జి, అంటే అతిపొడవైన రాత్రి, అసలు మలుపు. ఆ రోజు నుంచి తొమ్మిది తొమ్మిదుల చొప్పున 81 రోజులు లెక్కపెడతారు. పూర్వం 81 రేకులున్న ప్లమ్ పూల కొమ్మ బొమ్మ గీసి, రోజుకో రేకుకు రంగు వేసేవారు. బొమ్మ నిండేసరికి చలి పోతుంది.

దొంగ్‌జి రోజున ఉత్తరాది ఇళ్లలో జియావోజి ఉడుకుతాయి. చూడటానికి చిన్న కజ్జికాయల్లా ఉంటాయి, లోపల మాంసమో కూరో. హాన్ రాజ్యపు చివరి రోజుల్లో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు, చలికి చెవులు పుండ్లు పడిన పేదలకు మేకమాంసం, మిరపకాయలు, మూలికలు కలిపి చెవి ఆకారంలో చేసి పంచాడని కథ. కథ బాగుంది కానీ, మిరపకాయ చైనా గడప తొక్కింది ఆయన పోయిన వెయ్యేళ్లకు పైనే. గుంటూరుదీ అదే సంగతి లెండి.

ఆయన పేరున నిలిచిన గ్రంథాల్లో మాత్రం నిజంగానే ఒక మాంసపు చారు ఉంది. పాత చైనా తూకాల్లో చెప్పాలంటే డాంగ్‌గుయ్ అనే మూలిక వేరు 3 లియాంగులు, అల్లం 5 లియాంగులు, మేకో గొర్రో మాంసం ఒక జిన్, అంటే 16 లియాంగులు. చలివల్ల వచ్చే కడుపునొప్పికీ, బాలింత నొప్పులకూ ఇమ్మన్నాడు. చలి ఎక్కువగా ఉంటే అల్లం ఒక జిన్ దాకా పెంచమన్నాడు. మన బాలింతలకు పెట్టే కాయం గుర్తుకు రావడం లేదూ? ఇప్పటికీ చైనా ఇళ్లలో ఈ చారు కాస్తారు.

షాంఘై వైపు చలికాలపు మందు లేహ్యం రూపంలో ఉంటుంది, దాన్ని గావ్‌ఫాంగ్ అంటారు. వైద్యుడు నాడి చూసి మనిషికి తగ్గట్టు రాస్తాడు, మూలికలను గంటలకొద్దీ కాచి చిక్కబరుస్తారు. దొంగ్‌జి దాటాక తినడం మొదలుపెడతారు. ప్రభుత్వం ఇళ్లను వెచ్చబరిచే ఏర్పాటు ఛిన్‌లింగ్ కొండలకూ హువాయ్ నదికీ ఉత్తరానే ఉంది. షాంఘై ఆ గీతకు దక్షిణాన పడింది, ఇళ్లలో చలి ఎముకలు కొరుకుతుంది. ఈ లేహ్యాలకూ, రాత్రి వేడినీళ్లలో పాదాలు పెట్టుకునే అలవాటుకూ అక్కడ అంత ఆదరణ ఉండటానికి అదీ ఒక కారణమని నా ఊహ.

దాచుకోమన్న శాస్త్రం కొనుక్కోమన్న వ్యాపారంగా ఎలా మారిందో చూడాలంటే ఎజియావో చాలు. గాడిద చర్మం ఉడికించి తీసే జిగురు అది, రక్తపుష్టికని ఈ లేహ్యాల్లో కలుపుతారు. గిరాకీ పెరిగి చైనాలో గాడిదలు తగ్గాయి, చర్మాల వేట ఆఫ్రికా మీద పడింది. నీళ్లూ కట్టెలూ గాడిద మీద మోసుకునే పేద ఆడవాళ్లు దాన్ని పోగొట్టుకున్నారు. చివరికి 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా దేశాల కూటమి చర్మం కోసం గాడిదలను వధించడాన్ని నిషేధించింది.

ఇక ప్రమాదాల సంగతి. ఒంట్లో చలిని తరిమే మందుల్లో ముఖ్యమైనది ఫుజి. మనం వసనాభి అనే విషమూలికకు ఇది దగ్గరి చుట్టం. చాలాసేపు ఉడికిస్తే దాని విషం చాలావరకు తగ్గుతుంది, సరిగా ఉడకకపోతే గుండె లయ తప్పుతుంది. యునాన్ ప్రాంతంలో చలికాలపు చారులో ఈ జాతి దుంపలు వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. దీన్ని ఇంట్లో ప్రయత్నించనే కూడదు. డాంగ్‌గుయ్ రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ మాత్రతో కలిస్తే రక్తస్రావం ముప్పు. అతిమధురం రోజూ తాగితే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. సింగపూర్‌లోనో వాంకూవర్‌లోనో ఉన్న మీ పిల్లలు చైనా మూలికల దుకాణం నుంచి ఏదైనా తెచ్చిస్తే, పొట్లం మీది పేరు మీ డాక్టరుకు చూపించండి.

పాదాలకు వేడినీళ్లంటారా, నిరభ్యంతరంగా పెట్టుకోండి. మధుమేహం ఉన్నవాళ్లు మాత్రం తమ కాళ్లను నమ్ముకోకూడదు. స్పర్శ తగ్గిన పాదాలకు నీళ్లు కాలుతున్నాయో లేదో తెలియదు. ముందు ఇంట్లో ఇంకెవరైనా చెయ్యి పెట్టి చూసి చెప్పాలి.

ఇక మీరు అడగండి, నేను వింటాను.