రక్తం ఎక్కే ఆ నాలుగు గంటలు

అందరికీ నమస్కారం.

ఏటా మే 8న, ప్రపంచ తలసీమియా దినం రోజున, మనం ఇలా కలుస్తాం. తలసీమియా అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారవని, తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు. హెచ్‌బీ, అంటే రక్తంలో హిమోగ్లోబిన్, ఎంత ఉండాలో, ఒంట్లో పేరుకున్న ఇనుమును చూపే ఫెరిటిన్ ఎంతకు దిగాలో డాక్టర్లు చెబుతారు. నేను కౌన్సెలర్‌ని కాబట్టి నన్ను మనసు గురించి మాట్లాడమన్నారు. నేను తులసికోట గురించి మొదలుపెడతాను.

మా డే కేర్ వార్డుకు పదిహేనేళ్ల అబ్బాయి ఒకడు వస్తాడు. మూడు వారాలకోసారి రక్తం. ఒక్కో ప్యాకెట్‌తో 200 మిల్లీగ్రాముల దాకా ఇనుము ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. అందుకే రోజూ మందు, నీళ్లలో కలుపుకుని తాగే మాత్ర. వాళ్లమ్మ పొద్దున్నే కలిపి చేతికిచ్చేది. గ్లాసు ఖాళీ అయ్యేది. ఫెరిటిన్ మాత్రం పెరుగుతూనే ఉంది. ఓ రోజు నీళ్లు పోయబోతే తులసికోటలో మట్టి మీద సున్నం చల్లినట్టు తెల్లటి పూత కనబడిందామెకి.

ఆ వారం వార్డులో వాడికి తిట్లే తిట్లు. అందరూ అయ్యాక నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. చాలాసేపు రక్తం ప్యాకెట్ వంకే చూశాడు. తర్వాత అన్నాడు, "అక్కా, మాత్ర తాగని రోజు నాకు జబ్బు లేనట్టే ఉంటుంది."

దీన్ని మనం మొండితనం అంటాం. ఫెరిటిన్‌ని ప్రోగ్రెస్ కార్డు చేసేశాం మరి. పెరిగితే తిట్లు, తగ్గితే చాక్లెట్. నేనూ చేశాను ఆ పని, ఒప్పుకుంటున్నాను. ఇనుము మెదడు కింది పిట్యూటరీ గ్రంథిలో పేరుకుంటే ఎదుగుదల వెనకబడుతుంది. తొమ్మిదో తరగతిలో తోటివాళ్లందరికీ గొంతు మారింది, వీడికి మారలేదు. క్లాసులో వీడి పేరు "బుడ్డోడు". హార్మోన్ల డాక్టరు దగ్గరికి పంపాం, మంచిదే. ఆ పేరు సంగతి మాత్రం మేమెవరం అడగలేదు.

ఇంకొకటి. హెచ్‌బీ దిగిపోయిన ఆఖరి మూడు నాలుగు రోజుల్లో చిరాకు, నీరసం వస్తాయి. అప్పుడు పిల్లలు విసుక్కుంటే దాన్ని పొగరనుకోకండి. అలాగని ప్రతి దిగులునీ హెచ్‌బీ ఖాతాలో వేయకండి. రక్తం ఎక్కిన మర్నాడు కూడా దిగులుగానే ఉంటే అది వేరే కథ.

ఇక పెద్దవాళ్ల సంగతి. "ఎవరి వైపు నుంచి వచ్చింది?" ఈ ప్రశ్న వినని తల్లి ఈ హాల్లో ఉండదు. తలసీమియా మేజర్, అంటే ఇలా రక్తం ఎక్కించుకోవాల్సిన తీవ్రమైన రకం, రావాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లు, అంటే తమకు జబ్బు లేకపోయినా ఆ లోపాన్ని మోసేవాళ్లు, అయి ఉండాలి. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు రావడానికి 25 శాతం అవకాశం. మేనరికమైతే ఇద్దరికీ అదే లోపం ఉండే వీలు ఎక్కువ. ఈ లెక్క తెలిశాక నింద పోవాలి కదా? పోదు. కోడలి ఒక్కదాని మీదున్నది ఇద్దరికీ చెరిసగం అవుతుంది, అంతే. రిపోర్టు చేతికిచ్చి పంపేస్తాం. బస్సులో ఇంటికి వెళ్లేదాకా ఆ ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోరు. వాళ్లను ఆ రోజే కూర్చోబెట్టాలి.

ఒకప్పుడు "పదేళ్లు బతికితే గొప్ప" అన్న పిల్లలు ఇవాళ ఉద్యోగాలు చేస్తున్నారు. అయినా రక్తానికి పిల్లల వార్డుకే వచ్చి, గోడ మీద మిక్కీ మౌస్ కింద కాళ్లు ముడుచుకుని పడుకునేవాళ్లున్నారు. పెళ్లి గురించి అక్కడ ఎవరితో మాట్లాడతారు?

2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా ఉంది. సర్టిఫికెట్ తెచ్చుకోండి. వికలాంగుడన్న మాట మా అబ్బాయి మీద పడకూడదంటారు కొందరు నాన్నలు. ఆ బాధ నిజమే, దాని గురించీ మాట్లాడుకుందాం. రాత్రిపూట మరీ భారంగా ఉంటే 14416, మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ లైను టెలీ మానస్. ఏ వేళయినా, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

ఆసుపత్రి వాళ్లను నేను అడిగేది చిన్నది. ఒక్కోసారి మూడు నాలుగు గంటలు ఆ మంచం మీదే ఉంటారు వీళ్లు. వేరే అపాయింట్‌మెంట్ అక్కర్లేదు. ఒక కుర్చీ, ఒక మనిషి, అరగంట. ముందు ఫెరిటిన్ అడక్కూడదు.

మా తులసికోట అబ్బాయి ఇప్పుడు వారానికి ఐదు రోజులు తాగుతున్నాడు. మిగతా రెండు రోజులు తాగలేదని దాచకుండా చెబుతున్నాడు. నాకు ఆ రెండోదే పెద్ద సంగతి.

ఇక ప్రశ్నలు. ముందు వెనక వరుసలో ఉన్న పిల్లలు అడగాలి. అమ్మానాన్నలు కాసేపు ఆగండి.