నమాజు ఊసెత్తని ఫారం

యాంకర్: ఒమన్, యెమెన్, సూడాన్ నుంచి వైద్యానికి వచ్చే ఆడవాళ్లు మన హైదరాబాద్ ఆస్పత్రులకి కొత్త కాదు. గర్భసంచి జారినా, మూత్రం ఆగకపోయినా వాళ్ల చేత నింపించే ప్రశ్నావళి అమెరికాలో తయారైంది. అరబిక్‌లోకి తెస్తే సరిపోతుందా డాక్టర్ గారూ?

గైనకాలజిస్ట్: ఎక్కడండీ! ఈ సమస్యలు రోజువారీ బతుకుని ఎంత ఇబ్బంది పెడుతున్నాయో అడిగే ఫారం, 2005లో వచ్చిన పీఎఫ్‌ఐక్యూ-7నే చూడండి, ఏడు ప్రశ్నలు, ఒక్కోదాన్ని మూత్రం, మలం, యోని అంటూ మూడుసార్లు అడుగుతాం. అందులో ఒకటి, ఈ సమస్య వల్ల సినిమాకో కచేరీకో వెళ్లడం ఎంత కష్టమవుతోంది అని. సినిమా హాలు గడప తొక్కని పల్లెటూరి ఆవిడ 'అస్సలు లేదు' దగ్గర టిక్కు పెడుతుంది. సున్నా మార్కు, అంటే ఆ ప్రశ్న వరకూ ఆవిడ బాగున్నట్టే లెక్క.

అరబిక్ దుబాసీ: నాకు అంతకన్నా బాధ నమాజు విషయంలో. చుక్క మూత్రం పడితే వజూ, అంటే నమాజుకి ముందు కడుక్కుని పొందే శుద్ధి, పోతుంది, రోజుకి ఐదు పూటలా ఇదే టెన్షన్, సజ్దాకి, అంటే నుదురు నేలకి ఆనించడానికి, వంగి లేచేటప్పుడు పొట్ట మీద ఒత్తిడి పడి సరిగ్గా అప్పుడే కారుతుంది. కొందరు డాక్టర్ దాకా వచ్చిందే అందుకు, ఫారంలో మాత్రం ఆ ఊసే లేదు.

యాంకర్: ఒక ప్రశ్న కలిపేయొచ్చు కదా?

గైనకాలజిస్ట్: కలపొచ్చు, కానీ మార్కుల్లో వద్దు. అది మొత్తం 300కి లెక్కగట్టే ఫారం, మన ఎనిమిదో ప్రశ్న దూరితే మిగతా దేశాల ఫలితాలతో పోల్చలేం. చివర్న విడిగా అడుగుదాం.

దుబాసీ: చివర్న అంటే టైం లేదని వదిలేస్తారు మేడమ్. మొదటే అడగాలి.

గైనకాలజిస్ట్: మొదట అడిగితే తర్వాతి జవాబుల మీద దాని ప్రభావం పడుతుందమ్మా, అక్కడ మాత్రం మీతో ఏకీభవించను.

యాంకర్: మరి చదవడం రాని వాళ్లకి?

దుబాసీ: అదే అసలు చిక్కు. ఫారం బడిలో నేర్పే అరబిక్‌లో ఉంటుంది, ఇళ్లల్లో మాట్లాడేది వేరు, కైరో మాట మొరాకో ఆవిడకి సరిగ్గా అందదు. ఎవరో ఒకరు చదివి వినిపించాలి, పక్కనుండేదేమో కొడుకు. మలం పూర్తిగా రావడానికి యోని మీద గానీ మలద్వారం చుట్టూ గానీ చేత్తో నొక్కాల్సి వస్తోందా అని, లక్షణాల గురించి అడిగే దీని జోడు ఫారం పీఎఫ్‌డీఐ-20లో ఒక ప్రశ్న. కొడుకు నోటితో అది తల్లిని అడిగిస్తే ఆవిడ ఏమంటుంది, లేదంటుంది.

గైనకాలజిస్ట్: నిజం. ఇద్దరు విడివిడిగా అనువదించి, రెండూ కలిపి ఒకటి చేసి, అసలు ఫారం చూడని మనిషి చేత మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పించి సరిచూస్తాం. ఆ తర్వాత పేషెంట్లతో కూర్చుని 'ఈ ప్రశ్న మీకేమని అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి' అని అడగాలి. తొందరలో కోత పడేది సరిగ్గా దీనికే, నా దృష్టిలో ప్రాణం లాంటిదీ ఇదే. ఒకటి రెండు వారాలాగి, పరిస్థితి మారని వాళ్లకే మళ్లీ అదే ఫారం ఇచ్చి జవాబులు కలుస్తున్నాయో లేదో చూడటం ఆ తర్వాతి మాట.

దుబాసీ: అలా కూర్చునేది ఆడమనిషే అయ్యుండాలి, తలుపు వేసుండాలి, వెంట వచ్చిన మగవాళ్లని బయట కూర్చోబెట్టాలి. ఈ మూడూ ఫారం వాడే సూచనల్లోనే అచ్చు వేయమని నేను అడుగుతున్నాను, నర్సు దయకి వదిలేయొద్దు.