వెయ్యోసారి అడిగిన ప్రశ్న: ఆకాశ వీక్షకుల బృందాల్లో కొత్తవారి స్థానంపై స్టూడియో చర్చ

ఔత్సాహిక ఆకాశ వీక్షకుల ఆన్‌లైన్ బృందం ఒకటి, కొత్తగా చేరినవారు తొలి 30 రోజులు ప్రశ్నలు అడగరాదని, బృందం తయారుచేసిన మార్గదర్శిని చదువుతూ ఉండాలని నియమం పెట్టింది. ఆ నియమం కింద ఒక సభ్యురాలి ప్రశ్నను తొలగించడంతో వివాదం రేగింది. దానిపై జరిగిన చర్చలోని ముఖ్యభాగాన్ని, ఒకరి మాటకు ఒకరు అడ్డుపడిన చోట్లతో సహా ఇక్కడ ఇస్తున్నాను. ముగ్గురికీ సమాన సమయం అని ఆరంభంలో ఇచ్చిన మాట నిలబడలేదు.

సమన్వయకర్త: నమస్కారం. ఇలాంటి బృందాల్లో చేరేవారికి ప్రవేశ పరీక్ష పెట్టాలా, వద్దా అన్నదే ఈనాటి నా సూటి ప్రశ్న. ముందుగా, ఎవరి ప్రశ్నను తొలగించారో వారినే అడుగుదాం. అమ్మా, మీరు ఏమడిగారు?

కొత్త సభ్యురాలు: దూరదర్శినిని ఒక నక్షత్రం వైపు తిప్పితే నాకు చుక్క కనిపించలేదండి. బూడిదరంగు వలయం, దాని నడుమ నల్లటి మచ్చ కనిపించాయి. కన్ను పెట్టి చూసే కటకానికి, అదే ఐపీస్‌కు, ఫోన్ ఆనించి ఫొటో తీసి, అద్దం పాడైందా అని అడిగాను. కాసేపటికి ప్రశ్న పోయింది, మార్గదర్శిని చదవమన్న ఒక్క ముక్క మిగిలింది. చదివాను. అయితే నేను చూస్తున్నదాన్ని ఏమంటారో తెలియనప్పుడు, దాన్ని ఏ పేరుతో వెతకాలి?

సీనియర్ వీక్షకుడు: నేను చెబుతాను. న్యూటన్ తరహా దూరదర్శిని గొట్టంలో, పైభాగాన, ఒక చిన్న అద్దం ఉంటుంది. మీరు చూసిన నల్లమచ్చ దాని నీడ. ఫోకస్ కుదరనప్పుడు నక్షత్రం వలయంలా పరుచుకుంటుంది. ఫోకస్ సరిచేసే మరను మెల్లగా తిప్పుతూ పోతే వలయం కుంచించుకొని చుక్క అవుతుంది, పెద్దదవుతూ ఉంటే రెండోవైపు తిప్పాలి. అద్దానికి ఏమీ కాలేదు. ఈ జవాబు నేను వెయ్యిసార్లు రాసి ఉంటాను.

కొత్త సభ్యురాలు: ఇప్పుడు చెప్పడానికి మీకు అరనిమిషం పట్టింది సార్. ఆ అరనిమిషం ఆ రోజు...

సీనియర్ వీక్షకుడు: (అడ్డుపడుతూ) అరనిమిషం కాదమ్మా, వెయ్యి అరనిమిషాలు. అడిగేవారు వందల్లో ఉంటారు, ఓపికగా జవాబిచ్చేవారు పదిమందికి మించరు. ఆ పదిమందీ విసిగి వెళ్లిపోతే, మిగిలినవారు ఒకరి తప్పును ఒకరు నేర్చుకుంటూ కూర్చుంటారు.

సమన్వయకర్త: అందుకే ప్రవేశ పరీక్ష అవసరమని నాకు అనిపిస్తోంది. మీరేమంటారు మేడమ్?

పరిశోధకురాలు: ఈ గొడవ ఇంటర్నెట్ తొలినాళ్ల నుంచీ ఉంది. యూజ్‌నెట్ అనే పాత ఆన్‌లైన్ చర్చావేదికల్లో ప్రతి సెప్టెంబరులో విశ్వవిద్యాలయాల్లో చేరిన కొత్త విద్యార్థులు వచ్చిపడేవారు, పాతవారు కొన్ని వారాల్లో వారికి పద్ధతులు నేర్పేవారు. సామాన్యులందరికీ ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చాక ఆ రాక ఏడాది పొడవునా సాగింది. అందుకే 1993 సెప్టెంబరు నెల ఇక ముగియనే లేదని పాతవారు అనేవారు, దానికి ‘ఎటర్నల్ సెప్టెంబర్’ అన్న పేరే పడింది.

సమన్వయకర్త: అంటే అప్పుడే ప్రవేశ పరీక్ష పెట్టి ఉంటే ఆ వరద ఆగేదంటారు.

పరిశోధకురాలు: నేను అలా అనలేదు. నేర్పేవారి సంఖ్య పెరగలేదన్నదే నా బాధ. వికీపీడియా కొత్తవారిని కరవవద్దని మార్గదర్శకమే రాసుకుంది. 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో, అంటే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వెబ్‌సైట్, కొత్తవారికి తాము ఆదరణ చూపలేకపోతున్నామని 2018లో బహిరంగంగా ఒప్పుకుంది. అంత నైపుణ్యం పోగైన చోటే...

సీనియర్ వీక్షకుడు: (గొంతు పెంచి) ఆదరణ సరే, ప్రమాదం సంగతి ఎవరు మాట్లాడతారు? ఐపీస్‌కు బిగించే చిన్న సౌర ఫిల్టరు చాలని ఒక కొత్త సభ్యుడు సలహా ఇస్తాడు, నలుగురు మెచ్చుకుంటారు. దూరదర్శిని సేకరించిన ఎండ వేడి అంతా ఆ చిన్న గాజు మీదే పడి, అది పగిలితే కన్ను పోతుంది. సౌర ఫిల్టరు గొట్టం ముందువైపునే ఉండాలి. ఈ మాట మార్గదర్శిని మొదటి పేజీలో ఉంది. చదవకుండా వచ్చినవారికి మర్యాద ముఖ్యమా, చూపు ముఖ్యమా?

(కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు. చర్చ ఆయన వైపు ఒరిగింది ఇక్కడే.)

కొత్త సభ్యురాలు: నేను సలహా ఇవ్వలేదు సార్, ప్రశ్న అడిగాను. ఆ రెంటికీ ఒకే నియమం ఎందుకు?

సమన్వయకర్త: మంచి మాట, దాని దగ్గరికి మళ్లీ వద్దాం. కటువుదనం సంగతికొస్తే, లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కూడా తన మాటతీరుకు క్షమాపణ చెప్పారు కదా?

పరిశోధకురాలు: చెప్పారు, 2018 సెప్టెంబరులో. అయితే అది లినక్స్ కంప్యూటర్ వ్యవస్థకు గుండెకాయలాంటి కెర్నెల్‌కు పనిచేసేవారి మధ్య విషయం, మనం మాట్లాడేది తొలి అడుగు వేసేవారి గురించి. వెలుగు మారే నక్షత్రాలను గమనించేవారి కోసం అమెరికాలో 1911లో ఏర్పడిన సంఘం, కొత్తవారికి అనుభవజ్ఞులను జతచేసే ఏర్పాటు నడుపుతోంది. భారం అప్పుడు ఆ పదిమంది మీదే పడదు.

సీనియర్ వీక్షకుడు: జతకట్టడానికైనా ఆ పదిమందే కావాలి కదా! నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే. మళ్లీ చెబుతున్నాను, చదివి రావాలి.

పరిశోధకురాలు: సామాన్యులు గెలాక్సీల చిత్రాలను వర్గీకరించే ఆన్‌లైన్ ప్రాజెక్టు గెలాక్సీ జూ సంగతి ఒక్కటి చెప్పనివ్వండి. 2007లో హానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ ఉపాధ్యాయురాలు అక్కడ చిత్రాలను వర్గీకరిస్తూ ఒక వింత మచ్చను గమనించి, అదేమిటని తోటివారిని అడిగారు. ఖగోళ శాస్త్రజ్ఞులకు అంతవరకు తెలియని వస్తువు అది. ఇప్పుడు దాన్ని ఆమె పేరుతోనే పిలుస్తున్నారు. తొలి 30 రోజులు అడగరాదన్న నియమం అక్కడ ఉండి ఉంటే...

సీనియర్ వీక్షకుడు: ఆమె అడిగినదానికి ఏ మార్గదర్శినిలోనూ జవాబు లేదు. దీనికి ఉంది. తేడా అంతా అక్కడే ఉంది.

పరిశోధకురాలు: జవాబు ఉందో లేదో అడిగేవారికి ముందే ఎలా తెలుస్తుందండి?

సమన్వయకర్త: సమయం దగ్గరపడింది. ప్రవేశ పరీక్ష ఉండాలనే వైపే మొగ్గు కనిపిస్తోంది. చివరి మాట సీనియర్ గారిదే.

కొత్త సభ్యురాలు: (ఫోన్ ముందుకు చాపుతూ) ఒక్క క్షణం సార్. ఈ ఫొటోలో నల్లమచ్చ వలయం నడుమన లేదు, ఒక పక్కకు జరిగి ఉంది. ఇదీ ఫోకస్ వల్లనేనా?

సీనియర్ వీక్షకుడు: ఏదీ, ఇలా ఇవ్వమ్మా. (కళ్లద్దాలు సర్దుకుంటూ) ఫొటో తీసినప్పుడు నక్షత్రం ఐపీస్‌లో నట్టనడుమ ఉందా, అంచున ఉందా?

కొత్త సభ్యురాలు: నట్టనడుమే ఉంది సార్.

సీనియర్ వీక్షకుడు: అయితే అద్దాల వరుస తప్పింది. వాటిని మళ్లీ వరుసలోకి తేవాలి, దాన్నే కొలిమేషన్ అంటారు. గొట్టం అడుగున, పెద్ద అద్దం వెనుక మూడు మరలు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని పావు చుట్టు మాత్రమే తిప్పి, నక్షత్రాన్ని మళ్లీ నడుమకు తెచ్చి...

సమన్వయకర్త: క్షమించండి, సమయం అయిపోయింది.