ఏటెమ్ మినీ రివ్యూ: కీయర్ ఒక్కటే, పనులు రెండు!

నమస్తే ఫ్రెండ్స్. ముందే చెప్పేస్తున్నా, ఈ ఏటెమ్ మినీని (లైవ్‌లో కెమెరాలు మార్చుకునే చిన్న వీడియో స్విచర్ ఇది) ఒక షాపు వాళ్లు వాడి చూడమని ఇచ్చారు, డబ్బులేమీ ఇవ్వలేదు, కాబట్టి తిట్టాల్సిన చోట తిడతా. 2019లో 295 డాలర్లకు వచ్చింది, నాలుగు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లు... ఆ లిస్టంతా మీరు ఈపాటికి చూసేసే ఉంటారు. నేను కీయింగ్ గురించే, అంటే ఒక బొమ్మలో అక్కర్లేని భాగం తీసేసి మిగతాది ఇంకో వీడియో మీద పెట్టడం గురించే మాట్లాడతా. ఆ పని చేసేదే కీయర్.

నాకు బాగా నచ్చింది డౌన్‌స్ట్రీమ్ కీయర్. పెళ్లి లైవ్‌లో వధూవరుల పేర్లు కింద పెట్టామనుకోండి, కెమెరాలు ఎన్నిసార్లు మార్చినా, డిజాల్వ్ (ఒక దృశ్యం మెల్లగా ఇంకోదాంట్లో కలిసిపోవడం) కొట్టినా, ఆ పేర్లు కదలవు. ఎందుకంటే ట్రాన్సిషన్, అంటే ఆ దృశ్యం మారే పని అంతా అయిపోయాక, అన్నిటికంటే పైన పడే లేయర్ అది. ఇంతకుముందు ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లోనే మిక్సింగ్ చేసేవాణ్ణి, లేయర్లు పెరిగేకొద్దీ ఫ్యాన్ మోత మంగళవాద్యాలతో పోటీపడేది, ఆ టెన్షన్ ఇప్పుడు లేదు.

ఒక్క జాగ్రత్త. టైటిల్స్‌ని ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐలో పంపి లూమా కీ (వెలుగుని బట్టి చేసే కీయింగ్) వేయకండి. ఆ కేబుల్లో పారదర్శకత సమాచారం రాదు, స్విచర్ వెలుగు చూసి నలుపుని తీసేస్తుంది, అంతే. అమ్మాయి ఫొటో పెట్టారా, జడలోంచి మండపం కనిపిస్తుంది! క్లిప్, గెయిన్ అనే లూమా కీ సెట్టింగ్‌లు ఎంత తిప్పినా జడ బాగైతే అక్షరాల అంచులు పాడవుతాయి. హాయిగా పీఎన్‌జీ ఇమేజ్ చేసి మీడియా పూల్‌లో (స్విచర్‌లోనే బొమ్మలు దాచుకునే చోటు) వేసుకోండి, ఏది కనిపించాలో ఏది కనిపించకూడదో ఆ ఫైల్లోనే ఉంటుంది.

ఇక ఒళ్లు మండే విషయం. అప్‌స్ట్రీమ్ కీయర్, అంటే ట్రాన్సిషన్‌కి ముందే పనిచేసే కీయర్, ఒక్కటే ఇచ్చారు. గ్రీన్ మ్యాట్‌కి క్రోమా కీ వేసేదీ (వెనకున్న పచ్చరంగు తీసేసి వేరే బొమ్మ పెట్టేదీ) అదే, మూలన చిన్న బాక్స్ పెట్టే పిక్చర్ ఇన్ పిక్చర్‌కీ అదే. గురువుగారి వెనక గుడి పెట్టి ప్రవచనం నడుపుతూ, మూలన అభిషేకం కూడా చూపిద్దామంటే కుదరదు, ఏదో ఒకటే. పోనీ క్రోమా బాగోలేదా అంటే చాలా బాగుంది! స్పిల్ స్లైడర్ కాస్త జరిపితే నెరిసిన గడ్డం మీద పడ్డ పచ్చదనం ఇట్టే పోతుంది. అంత మంచి కీయర్ని ఒక్కటే ఇస్తే ఎలా అండీ?

ఎక్స్‌ట్రీమ్ మోడల్లో నాలుగు ఉన్నాయి, రేటు కూడా ఆ లెవెల్లోనే ఉంటుంది. పెళ్లిళ్లు చేసేవాళ్లు కళ్లు మూసుకుని ఈ మినీ తీసుకోండి. గ్రీన్ మ్యాట్ స్టూడియో వాళ్లు మాత్రం ఆగండి, డబ్బు కూడబెట్టుకుని ఎక్స్‌ట్రీమ్‌కే వెళ్లండి. అన్నట్టు, పచ్చంచు కండువా వేసుకుని రావద్దని గురువుగారికి ముందే ఫోన్ చేసి చెప్పండి, దానికి ఏ స్విచరూ ఏమీ చేయలేదు.